కోట్లు పండే నేల.. కాలిబాటకు కరవు

వేలం రాబడిలో ఐటీ నడవా వాటా తేలేదెప్పుడు?

శేరిలింగంపల్లి: రాయదుర్గంలో ఎకరా భూమి ధర 177 కోట్ల రూపాయలు. 2025 అక్టోబరులో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ నిర్వహించిన వేలంలో 7.67 ఎకరాలకు పలికిన ధర ఇది. ఈ ఒక్క స్థలంపై ఖజానాకు సమకూరే మొత్తం 1,357 కోట్లు దాటింది. ఎకరాకు 4,840 గజాల లెక్కన గజం మూడున్నర లక్షలకు పైమాటే. అదే రాయదుర్గంలో మెట్రో రైలు దిగి, సాయంత్రం వేళ రెండు కిలోమీటర్ల దూరంలోని వసతిగృహానికి నడిచి వెళ్లాలనుకున్న ఉద్యోగికి మాత్రం వరుసగా వంద అడుగుల కాలిబాట దొరకదు. ఉన్నచోట విద్యుత్‌ నియంత్రికలు, తోపుడుబండ్లు, నిలిపి ఉంచిన ద్విచక్ర వాహనాలు. లేనిచోట రహదారి అంచున బతుకుజీవుడా అంటూ నడక. గజం మూడున్నర లక్షలు పలికే ప్రాంతంలో నడిచేవారికి గజం వెడల్పు దారి మిగలకపోవడం విడ్డూరమే.

తెలంగాణ రైజింగ్‌ - 2047 పేరిట 2025 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం వెలువరించిన దార్శనిక పత్రం బాహ్యవలయ రహదారి లోపలి ప్రాంతాన్ని సేవారంగానికి ఆయువుపట్టుగా గుర్తించింది. 2034 నాటికి లక్ష కోట్ల డాలర్లు, 2047 నాటికి మూడు లక్షల కోట్ల డాలర్ల ఆర్థిక వ్యవస్థ లక్ష్యమని అందులో పేర్కొన్నారు. లక్ష్యం సాధ్యమా, అసాధ్యమా అన్నది వేరే చర్చ. ఆ భారంలో సింహభాగం మోయవలసింది మాత్రం మాదాపూర్‌ నుంచి కోకాపేట వరకు విస్తరించిన ఈ నడవాయే. మోయగలిగే స్థితిలో ఉందా అన్నదే అసలు ప్రశ్న.

1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్‌ బిహారీ వాజపేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవి రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ పొలాలు. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి హయాంలో పారిశ్రామిక మౌలిక సంస్థ, ఎల్‌అండ్‌టీ కలిసి చేపట్టిన నిర్మాణమది. అదే ఏడాది గచ్చిబౌలిలో ట్రిపుల్‌ ఐటీ, నగరంలో మైక్రోసాఫ్ట్‌ అభివృద్ధి కేంద్రం మొదలయ్యాయి. 2001లో ఇండియన్‌ స్కూల్‌ ఆఫ్‌ బిజినెస్‌ వచ్చింది. ఆ సంవత్సరమే ఈ ప్రాంతం కోసం ప్రత్యేకంగా సైబరాబాద్‌ అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేశారు. రాష్ట్ర విభజనకు ముందు 2013-14లో తెలంగాణ ప్రాంత ఐటీ ఎగుమతులు 57,258 కోట్ల రూపాయలు కాగా, 2022-23 నాటికి 2,41,275 కోట్లకు, ఆ మరుసటి ఏడాది 2,68,233 కోట్లకు చేరాయి. ఉద్యోగుల సంఖ్య 3.23 లక్షల నుంచి 9.05 లక్షలకు పెరిగింది. వీరిలో అత్యధికులు పనిచేసేది ఈ పడమటి అంచునే. తొమ్మిదేళ్లలో ఉద్యోగులు దాదాపు మూడు రెట్లయ్యారు. ఆ మేరకు బస్సులు, తాగునీరు, మురుగుకాల్వలు, అద్దె ఇళ్లు పెరగలేదన్నది ఇక్కడ వారం రోజులు గడిపినవారికైనా తెలిసిపోయే సత్యం.

అమ్మిన సొమ్ము ఎటు వెళ్తోంది?

నిధుల కొరత అన్న మాట ఈ ప్రాంతం విషయంలో చెల్లదు. కోకాపేట నియోపొలిస్‌లో 2021 జులైలో హెచ్‌ఎండీఏ సుమారు 50 ఎకరాలను వేలం వేయగా 2,000 కోట్ల రూపాయలు పలికింది. 2023 ఆగస్టులో 45.33 ఎకరాలకు 3,319.60 కోట్లు పలికాయి. ఎకరా గరిష్ఠంగా 100.75 కోట్లు పలకడం అప్పట్లో దేశమంతటా వార్త అయింది. 2025 నవంబరులో అదే కోకాపేటలో ధర 151.25 కోట్లకు ఎగబాకింది. ఈ సొమ్ములో ఇంత భాగాన్ని తిరిగి ఈ నడవాలోనే ప్రజా రవాణాకు, నీటికి, కాలిబాటలకు ఖర్చు చేయాలన్న చట్టబద్ధమైన కట్టుబాటు ఏదీ లేదు. కొనుగోలుదారుకు లేఅవుట్‌ లోపల రహదారి, నీరు, విద్యుత్‌ అందించే బాధ్యతను వేలం సంస్థ స్వీకరిస్తుంది. ఆ గేటు దాటాక మొదలయ్యే రద్దీకి పూచీ పడేవారు లేరు.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం బోధపడుతుంది. మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్ల అయిదు మార్గాలకు 24,269 కోట్లు అవసరమని అంచనా వేసి 2024 నవంబరులో రాష్ట్రం కేంద్రానికి ప్రతిపాదనలు పంపింది. అందులో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపొలిస్‌ వరకు 11.6 కిలోమీటర్ల మార్గం ఒకటి. మొత్తం వ్యయంలో రాష్ట్ర వాటా 7,313 కోట్లు. కోకాపేటలో 2021, 2023 సంవత్సరాల వేలం, రాయదుర్గంలో 2025 వేలం కలిపితే దాదాపు 6,677 కోట్లు. అంటే మూడు విడతల భూముల రాబడి, నగరమంతటి రెండో దశ మెట్రోలో రాష్ట్రం భరించవలసిన వాటాకు రమారమి సమానం. కిలోమీటరుకు సగటున 318 కోట్ల చొప్పున లెక్కించినా కోకాపేట మార్గానికయ్యే వ్యయం 3,700 కోట్లకు అటూఇటూ ఉంటుంది. కోకాపేట భూములపై వచ్చిన సొమ్ములో మూడింట రెండు వంతులు కేటాయించి ఉంటే కోకాపేటకు రైలు ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండానే వచ్చేది. 2025 ముగిసే నాటికీ ఆ ప్రతిపాదనకు కేంద్రం ఆమోదముద్ర పడలేదు. ఈలోగా నియోపొలిస్‌లో ఆకాశహర్మ్యాలు మాత్రం లేస్తూనే ఉన్నాయి.

భూమి విలువను రవాణాకు మళ్లించడం కొత్త ఆలోచన కాదు. హాంకాంగ్‌లో రైలు సంస్థకు స్టేషన్ల చుట్టూ నిర్మాణ హక్కులు ఇచ్చి, పెరిగిన విలువతోనే మార్గాలను నిర్మించారు. ముంబయిలో బాంద్రా-కుర్లా భూముల రాబడిని అక్కడి ప్రాంతీయాభివృద్ధి సంస్థ మహానగర రవాణా పథకాలకు వాడుకుంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్‌ సిటీ మార్గంలోని ఒక మెట్రో స్టేషనుకు 200 కోట్లు ఇచ్చేందుకు ఇన్ఫోసిస్‌ ఫౌండేషన్‌ 2018లో ఒప్పందం చేసుకుంది. రాయదుర్గం, నానక్‌రాంగూడలలో లక్షల చదరపు అడుగులు నిర్మిస్తున్నవారిని ఆ మేరకు అడిగేవారు లేరు. ఇక్కడ మరో విశేషం గమనార్హం. 2006లో వెలువడిన జీవో 86 మొదలు హైదరాబాద్‌లో నిర్మాణ విస్తీర్ణ నిష్పత్తికి గరిష్ఠ పరిమితి లేదు. రహదారి వెడల్పు, వదలవలసిన ఖాళీ స్థలం సరిపోతే ఎన్ని అంతస్తులైనా లేపవచ్చు. ముంబయి, చెన్నైలలో అదనపు అంతస్తుకు రుసుము కట్టి అనుమతి కొనుక్కోవాలి. ఇక్కడ ఆ అవసరం లేకపోవడం వల్లనే కంపెనీలకు కార్యాలయ స్థలం చవకగా దొరికిందన్న వాదనలో నిజం ఉంది. అయితే అడ్డులేని ఎత్తుకు ప్రతిఫలంగా రహదారిపై పడే భారానికి తగిన రుసుము వసూలు చేయకపోవడం వల్ల ఆ చవకకు మూల్యం చెల్లిస్తున్నది సామాన్య ప్రయాణికుడే.

వృత్తి పన్ను సంగతీ ఇలాంటిదే. నెలకు 20 వేలు దాటి సంపాదించే భద్రతా సిబ్బందీ, నెలకు మూడు లక్షలు అందుకునే సాఫ్ట్‌వేర్‌ నిపుణుడూ చెల్లించేది అదే 200 రూపాయలు. ఏడాదికి 2,500 మించరాదన్న రాజ్యాంగ పరిమితి 1988 నాటిది. ఆ తరువాత రూపాయి విలువ ఎంతగా కరిగిందో చెప్పనక్కర్లేదు. పరిమితిని సవరించవలసింది పార్లమెంటు. రాష్ట్రం చేతిలో ఉన్న పని వేరొకటుంది. తొమ్మిది లక్షల మంది ఐటీ ఉద్యోగులు గరిష్ఠ మెట్టులో పన్ను చెల్లిస్తున్నారనుకుంటే ఏటా 217 కోట్లు సమకూరుతాయి. అందులో సగాన్ని ఈ నడవా బస్సులకు, కాలిబాటలకు ముడిపెట్టినా ఏడాదికి వంద కోట్ల పైచిలుకు నికర నిధి ఏర్పడుతుంది. జీతం చీటీలో ప్రతి నెలా కోతను చూసుకునే ఉద్యోగికి తన 200 రూపాయలు ఏ వీధిలో కాలిబాటగా మారాయో కనిపిస్తుంది.

పైవంతెనలు పెరిగాయి.. రద్దీ తరగలేదు

2018 నుంచి ఈ ప్రాంతంలో జరిగినన్ని వంతెనల ప్రారంభోత్సవాలు రాష్ట్రంలో మరెక్కడా జరిగి ఉండవు. మైండ్‌స్పేస్‌ అండర్‌పాస్‌, దానిపైన వంతెన, బయోడైవర్సిటీ కూడలి వంతెనలు, 2020 సెప్టెంబరులో దుర్గం చెరువుపై తీగల వంతెన, 2022 నవంబరులో శిల్పా లేఅవుట్‌ వంతెన, 2023 మొదటి రోజున కొత్తగూడ వంతెన, 2025 జూన్‌లో కొండాపూర్‌, బాహ్యవలయ రహదారుల మధ్య పి.జనార్దన్‌రెడ్డి పేరిట మరో వంతెన ప్రారంభమయ్యాయి. తీగల వంతెనకు 184 కోట్లు ఖర్చయ్యాయి. నేటి రాయదుర్గం ధరలో అది ఎకరా చిల్లర భూమి విలువ. వంతెనలు ఒక కూడలిలో నిలిచిపోయిన వాహనాలను తరువాతి కూడలికి త్వరగా చేరుస్తున్నాయి. అక్కడ నుంచి కథ మళ్లీ మొదటికి వస్తోంది. వాన పడిన సాయంత్రం ఐకియా కూడలి నుంచి గచ్చిబౌలి వరకు నిలిచిపోయే వాహనాల బారు ఇందుకు నిదర్శనం.

2023 జులైలో భారీ వర్షాల వేళ సైబరాబాద్‌ పోలీసులు ఒక ప్రయోగం చేశారు. ఐటీ సంస్థలన్నీ ఒకేసారి ఉద్యోగులను వదలకుండా ప్రాంతాల వారీగా మూడు విడతలుగా ఇళ్లకు పంపాలని సూచించారు. కాంక్రీటు, ఇనుము అవసరం లేని ఈ ఉపాయం వానాకాలానికే ఎందుకు పరిమితం కావాలో ఎవరూ చెప్పరు. పెద్ద సంస్థలకు ఉదయం, సాయంత్రం వేళలను గంట, గంటన్నర తేడాతో ఏడాది పొడవునా నిర్ణయించి, పాటించిన సంస్థలకు ఆస్తిపన్నులో కొద్దిపాటి రాయితీ ఇవ్వవచ్చు. పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి నడుపుతున్న సైబరాబాద్‌ భద్రతా మండలి 2006 నుంచి ఉండనే ఉంది. మహిళా ఉద్యోగుల కోసం 2015లో షీ షటిల్‌ బస్సులను మొదలుపెట్టిందీ ఈ మండలే. పునాది సిద్ధంగా ఉన్నచోట గోడ లేపడానికి ఇరవై ఏళ్లు పట్టనక్కర్లేదు.

ఇక బస్సుల మాట. కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్‌ బస్సులను 2025లో కేటాయించారు. వాటిలో ఎన్ని రాయదుర్గం మెట్రో స్టేషను, ఆర్థిక జిల్లా, కోకాపేటల మధ్య అయిదు నిమిషాలకొకటి చొప్పున తిరుగుతాయన్నదే కీలకం. 2019 నవంబరు నుంచి మెట్రో రాయదుర్గం వరకు వస్తోంది. అసలు జనం ఉన్నది ఆ తరువాతి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, నార్సింగిలలో. నాగోలు నుంచి రైల్లో హాయిగా వచ్చిన ఉద్యోగి చివరి అయిదారు కిలోమీటర్లకు ఆటోవాలాతో బేరమాడుతున్నాడు. రెండు నెలలు బేరమాడి విసిగినవాడు మూడో నెల వాయిదాల మీద కారు కొంటున్నాడు. రద్దీ అలా పుడుతోంది. ప్రతి సంస్థా విడివిడిగా నడుపుకొంటున్న బస్సులను ఒకే టికెట్‌ కింద ఉమ్మడిగా నడిపితే సగం ఖాళీగా తిరిగే వాహనాలు తగ్గుతాయి. రహదారిలో ఎడమ వరుసను రద్దీ వేళల్లో బస్సులకే వదిలితే కార్లవారు కొన్నాళ్లు గొణుగుతారు. బస్సు తమను దాటి వెళ్తుంటే వారిలో కొందరైనా అందులోకి మారతారు.

బాహ్యవలయ రహదారి పక్కన 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్‌ బాటను ప్రారంభించారు. ఆదివారం వ్యాయామానికి అది చక్కగా ఉంటుంది. సోమవారం కార్యాలయానికి సైకిలుపై వెళ్లదలచినవారికి కొండాపూర్‌లోనో, మాదాపూర్‌లోనో అలాంటి నాలుగు కిలోమీటర్ల బాట కావాలి.

2003లో మొదలైన ఎంఎంటీఎస్‌ను అందరూ మరచిపోయినట్లున్నారు. లింగంపల్లి, హఫీజ్‌పేట, హైటెక్‌సిటీ, బోరబండ స్టేషన్లను కలుపుతూ పట్టాలు ఉన్నాయి. బోరబండలో రైలెక్కి తరువాతి స్టేషను హైటెక్‌సిటీలో దిగే తాపీ కూలీకి, ఇళ్లలో పనిచేసే మహిళకు దీనిని మించిన చవక ప్రయాణం లేదు. రైలు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఇబ్బంది. రద్దీ వేళల్లో పావుగంటకొక రైలు నడిపి, హైటెక్‌సిటీ స్టేషను నుంచి మెట్రో వరకు నీడ ఉన్న నడకదారి వేస్తే చాలు. మెట్రోలో ఒక కిలోమీటరుకయ్యే వ్యయంలో స్వల్పభాగంతో పూర్తయ్యే పని అది. రైల్వేకు, రాష్ట్రానికి మధ్య వాటాల పేచీలో నలిగిపోవడం దాని నుదుటిరాత అయింది.

రాత్రికి తలదాచుకునేదెక్కడ?

కార్యాలయాల లోపల గాలి, వెలుతురు, మంచినీరు అంతర్జాతీయ ప్రమాణాల్లో ఉంటాయి. అక్కడ పనిచేసే యువతలో అనేకులు రాత్రికి చేరే గదులు వేరు. మాదాపూర్‌ అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి అంజయ్యనగర్‌, సిద్దిఖ్‌నగర్‌లలో ఇరుకు సందుల్లో చిన్న స్థలాల్లో అయిదారు అంతస్తులు వేసి, గదికి ముగ్గురు నలుగురి చొప్పున నింపిన వసతిగృహాలు వందల్లో ఉన్నాయి. కరీంనగర్‌ నుంచో, కర్నూలు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన పాతికేళ్లలోపు పిల్లలకు నగరంలో తొలి చిరునామా ఇవే. 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో అయిదంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగింది. పక్కనే మరో నిర్మాణానికి తవ్విన గుంత ఇందుకు కారణమన్నారు. అధికారులు మరుసటి రోజు దానిని కూల్చివేశారు. కొత్తగా ఇచ్చిన అనుమతుల్లో ఎన్ని అంతస్తులున్నాయి, కట్టినవి ఎన్ని అన్న విచారణ నాలుగు రోజులు సాగి యథాప్రకారం సద్దుమణిగింది.

ఈ గృహాలన్నింటినీ మూయించడం జరిగే పని కాదు. మూయిస్తే ఆ పిల్లలు వెళ్లేచోటు లేదు. అగ్నిమాపక ఏర్పాట్లు, రెండో మెట్లదారి, మనిషికి ఇంత చోటు, ఇన్ని నీళ్లు అన్న కనీస షరతులతో వీటిని నమోదు చేయించి, గడువిచ్చి మార్పులు చేయించడం, మొండికేసినవాటిని మూయించడం ఆచరణసాధ్యం. తమిళనాడు 2014లోనే మహిళల, పిల్లల వసతిగృహాల నియంత్రణకు చట్టం చేసింది. అక్కడి ప్రభుత్వం తోళి పేరిట ఉద్యోగినులకు సొంతంగా వసతిగృహాలు కట్టి నడుపుతోంది. ఇక్కడ ఎకరా 150 కోట్లకు అమ్మే ముందు అందులో పదో వంతు అద్దె వసతికి అట్టిపెట్టి, కట్టి నడిపే బాధ్యతను వేలంలో అప్పగిస్తే ఖజానాకు వచ్చే నష్టం స్వల్పం. రాత్రి విధులు ముగించుకొని వచ్చే యువతికి కార్యాలయానికి నడకదూరంలో గది దొరకడమే అసలైన భద్రత. 2013 అక్టోబరులో ఈ నడవాలో ఒక సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగినిపై జరిగిన అఘాయిత్యం తరువాతనే 2014లో షీ బృందాలు వచ్చాయి. పహరా పెరిగింది, మంచిదే. దూరం తగ్గలేదు.

కార్యాలయాలను శుభ్రం చేసేవారు, క్యాబ్‌ డ్రైవర్లు, కాపలాదారులు, గేటెడ్‌ కాలనీల వంటమనుషుల గురించి దార్శనిక పత్రాలలో వాక్యాలు తక్కువ. అద్దెలు పెరిగేకొద్దీ వీరు బోరబండ, అల్లాపూర్‌, ఇంకా అవతలికి జరుగుతున్నారు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 రెండు పడకల ఇళ్లను ప్రారంభించారు. ఈ నడవాకు దగ్గరలో పేదలకు ఇంత పెద్ద సముదాయం మరొకటి లేదు. అక్కడి నుంచి తెల్లవారుజామున ఆర్థిక జిల్లాకు, రాత్రి పదికి తిరిగి కొల్లూరుకు నేరుగా బస్సు ఉంటే ఆ ఇల్లు బతుకుతెరువుకు దగ్గరవుతుంది. లేకుంటే నెలంతా కూలిలో కొంత ఆటో ఛార్జీకే పోతుంది. పుణె సమీపంలోని మగర్‌పట్టాలో దాదాపు 120 రైతు కుటుంబాలు 400 ఎకరాలను ఉమ్మడిగా పెట్టి తామే వాటాదారులై ఐటీ నగరాన్ని నిర్మించుకున్నాయి. మాదాపూర్‌, ఖానామెట్‌, కోకాపేట రైతులకు అటువంటి అవకాశం చిక్కలేదు. అమ్ముకున్నవారు అమ్ముకున్న నాటి ధరతోనే సరిపెట్టుకున్నారు.

సరకులు, భోజనం మోటారు సైకిళ్లపై చేరవేసే యువకులకు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి తొలిసారి గుర్తింపునిచ్చింది. వేదికల సంస్థలు తమ టర్నోవరులో ఒకటి రెండు శాతం వారి నిధికి జమ చేయాలి. అది అమలయ్యేలోగా చేయదగిన చిన్న పని ఒకటుంది. చెన్నై నగరపాలక సంస్థ 2025లో వీరికి చల్లని విశ్రాంతి గదులు కట్టించింది. ఏప్రిల్‌ ఎండలో తీగల వంతెన నీడలో బండి ఆపుకొని కూర్చునే కుర్రాళ్లను చూసినవారికి ఆ గదుల విలువ తెలుస్తుంది.

చెరువులు మిగిలితేనే నీరు

నగరానికి పడమట మంజీరా, సింగూరు, ఆగ్నేయాన నాగార్జునసాగర్‌ నుంచి కృష్ణా జలాలు, ఉత్తరాన గోదావరి. 2004 నుంచి విడతలుగా వచ్చిన కృష్ణా నీరు వంద కిలోమీటర్లకు పైగా ఎదురెక్కి ప్రయాణించి ఈ పడమటి కొసకు చేరాలి. అందుకే 2024 వేసవిలో బోర్లు ఎండగానే ఈ ప్రాంత కాలనీలు ట్యాంకర్ల కోసం బారులు తీరాయి. నీరు కిందకు ఇంకే నేలను కాంక్రీటు కప్పేసిన ఫలితమది. గోల్కొండ కోటకు ఒకనాడు తాగునీరిచ్చిన దుర్గం చెరువు నేడు విద్యుద్దీపాల అలంకారానికి ప్రసిద్ధి. 2024 ఆగస్టులో తమ్మిడికుంట పరిధిలోని ఒక ఫంక్షన్‌ హాలును హైడ్రా కూల్చినప్పుడు చప్పట్లు కొట్టినవారు, తిట్టినవారు సమానంగా కనిపించారు. కూల్చివేత కంటే ముందుగా ప్రతి చెరువుకూ పూర్తి నీటిమట్టం హద్దును తుది ప్రకటనగా వెలువరిస్తే కొనేవాడికీ, కట్టేవాడికీ, అధికారికీ సందేహం ఉండదు.

మురుగుశుద్ధికి 2021లో 3,866 కోట్లతో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. శుద్ధి అయిన నీటిని నిర్మాణాలకు, తోటలకు, కార్యాలయాల శీతలీకరణకు తప్పనిసరి చేయకపోతే అది తిరిగి కాల్వలోనే కలుస్తుంది. పెద్ద సముదాయాలకు అదనపు తాగునీటి కనెక్షన్‌ ఇచ్చేముందు శుద్ధి నీటి వాడకం లెక్క చూపమనడం జలమండలికి కష్టమైన పని కాదు. జంట జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాల్లో విధించిన ఆంక్షల జీవో 111ను 2022 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఆ గ్రామాలు ఈ నడవాకు ఆనుకొనే ఉన్నాయి. కోకాపేట ధరలు చూసి అటువైపు కన్నేసినవారు, 1908 మూసీ వరద తరువాతనే ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ కట్టవలసి వచ్చిన సంగతి మరువరాదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చదునును 2025 ఏప్రిల్‌ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఎకరా ధర ఎంతైతే ఖాళీ భూమిని ఖాళీగా ఉంచడం లాభదాయకమో లెక్క కట్టే పద్ధతి ప్రభుత్వం వద్ద లేకపోవడం వల్లనే ఆ వివాదం న్యాయస్థానం గడప తొక్కింది.

ఒకే పంటపై ఆధారపడితే..

2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడినప్పుడు ఈ నడవా అంతా ఒక రాత్రి నిద్రపోలేదు. ఆ సంస్థను ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్‌ మహీంద్రా తీసుకోవడంతో ముప్పు తప్పింది. ఇప్పుడు వచ్చే ముప్పు ఒక సంస్థది కాదు. 2025 జులైలో టీసీఎస్‌ 12 వేల మందికి పైగా సిబ్బందిని తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. వారిలో మధ్య, పై స్థాయివారే ఎక్కువని తెలిపింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ వీసాలకు లక్ష డాలర్ల రుసుము విధించింది. కృత్రిమ మేధ రాకతో కోడ్‌ రాసే పని స్వభావమే మారుతోంది. వాయిదాల మీద నార్సింగిలో ఇల్లు కొన్న నలభై ఏళ్ల ఉద్యోగికి కొత్త విద్య నేర్పే ఏర్పాటు ఎక్కడుంది? నైపుణ్య శిక్షణ అనగానే ప్రభుత్వాలకు గుర్తొచ్చేది కళాశాల విద్యార్థులు. ట్రిపుల్‌ ఐటీ, హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం, టీ-హబ్‌ కూతవేటు దూరంలో ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నవారికి సాయంత్రం తరగతులు నడిపి, రుసుములో సగం సంస్థ, పావు ప్రభుత్వం భరిస్తే తొలగింపు లేఖ వచ్చేలోపే కొందరైనా ఒడ్డున పడతారు.

ఐటీని ఉప్పల్‌, పోచారం, కొంపల్లి వైపు విస్తరించాలన్న గ్రిడ్‌ విధానం 2020లో వచ్చింది. ఉప్పల్‌లో జెన్‌ప్యాక్ట్‌, పోచారంలో ఇన్ఫోసిస్‌ అంతకుముందే ఉన్నాయి. తరువాత అటువైపు కదలిక మందకొడిగానే సాగింది. కారణం తెలియనిది కాదు. రాయితీలు తూర్పున ప్రకటిస్తూ, రహదారులు, వంతెనలు, వేలం పాటలు పడమట పెడితే కంపెనీ ఎటు వెళ్తుంది? 202 చదరపు కిలోమీటర్ల ఐటీఐఆర్‌కు 2013లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినా ఆ తరువాత అటకెక్కింది. ఇప్పుడు ముచ్చర్ల వైపు ఫ్యూచర్‌ సిటీ అంటున్నారు. రైలు ముందు వెళ్లి కార్యాలయాలు వెనుక వస్తే అది నగరమవుతుంది. కార్యాలయాలు ముందు వెళ్తే మరో కోకాపేట అవుతుంది.

అడగవలసింది ఎవరిని?

ఇన్ని పనులు చెప్పుకొన్నాక చేసేదెవరన్న ప్రశ్న వస్తుంది. భూమి అమ్మేది టీజీఐఐసీ లేదా హెచ్‌ఎండీఏ. నీరిచ్చేది జలమండలి. చెరువు నీటిపారుదల శాఖది, దాని హద్దు హైడ్రాది. రహదారి పురపాలక సంస్థది, దానిపై వాహనం పోలీసుల పూచీ, బస్సు ఆర్టీసీది. పారిశ్రామికవాడల్లో ఆస్తిపన్ను వసూలు చేసేది ఐలా. శేరిలింగంపల్లి, గండిపేట రంగారెడ్డి జిల్లాలో ఉండగా, తెల్లాపూర్‌, కొల్లూరు సంగారెడ్డి జిల్లాకు చెందుతాయి. 2001లో ఒకే సంస్థ కింద మొదలైన ప్రాంతం 2008లో హెచ్‌ఎండీఏలో కలిసింది. శేరిలింగంపల్లి పురపాలక సంఘం 2007లో జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. 2025 డిసెంబరులో మరో 27 పురపాలికలను కలిపారు. సరిహద్దులు గీసినంత తరచుగా బాధ్యతలు గీయలేదు. కాలిబాటపై నియంత్రిక ఉంటే తొలగించవలసింది విద్యుత్‌ సంస్థా, పురపాలికా అన్నది తేలేలోపు కార్పొరేటరు పదవీకాలం పూర్తవుతోంది.

మహానగర ప్రణాళికా సంఘాల చట్టం 2007లోనే వచ్చింది. ఎన్నికైన కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, సర్పంచులకు అందులో మెజారిటీ ఉండాలన్నది రాజ్యాంగ నిబంధన. ఆ సంఘం క్రియాశీలంగా పనిచేసి ఒక్క ప్రణాళికకైనా తుదిరూపమిచ్చిన దాఖలా లేదు. ఏకీకృత రవాణా ప్రాధికార సంస్థ కాగితాల మీద ఉంది. 2025లో మెట్రోను ఎల్‌అండ్‌టీ నుంచి తీసుకునేందుకు ప్రభుత్వం సిద్ధపడి, సుమారు 13 వేల కోట్ల అప్పునూ తలకెత్తుకుంది. మెట్రో, ఆర్టీసీ రెండూ ఒకే గొడుగు కిందికి వస్తే ఒకే టికెట్‌తో రైలు, బస్సు ఎక్కే ఏర్పాటుకు ఇంతకంటే అనువైన తరుణం రాదు.

రాబడిలో వాటాకు మాత్రం కొత్త సంఘమో, కొత్త చట్టమో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వేలం ప్రకటనలోనే రాబడిలో కనీసం మూడో వంతును ఈ నడవా రవాణా, నీటి పద్దుకు జమ చేస్తామని, ఆ పద్దు లెక్కలను ఆరు నెలలకొకసారి వార్డు కార్యాలయాల్లో అతికిస్తామని ఒక పేరా చేర్చితే సరిపోతుంది. రాయదుర్గం ధరల్లో ఎకరాకు 59 కోట్లు అలా పక్కకు వస్తాయి. అందుకు ఒక్క ప్రభుత్వ ఉత్తర్వు చాలు. తదుపరి వేలం ప్రకటన వెలువడినప్పుడు శేరిలింగంపల్లి, గండిపేట ప్రజాప్రతినిధులు ముందుగా వెతకవలసింది ఆ పేరా కోసమే.